పాస్‌పోర్ట్ మీద సింహాలు, ఆషాఢ పున్నమి

మనలో చాలామంది పాస్‌పోర్ట్ బయటికి తీసేది వీసా స్టాంపింగ్ అప్పుడే. ఈసారి తీసినప్పుడు అట్ట మీద సింహాల్ని ఓ నిమిషం చూడండి. వాటి అసలు చోటు సారనాథ్, అంటే బుద్ధుడు మొట్టమొదటి ఉపదేశం చేసిన చోటు. ఆ రోజు ఆషాఢ పున్నమి. మనకి గురుపూర్ణిమ, వ్యాసపూర్ణిమ. బౌద్ధులకి ధర్మచక్ర ప్రవర్తన దినం.

విన్నదెంతమంది అనుకుంటున్నారు? ఐదుగురు. కౌండిన్యుడు, వప్ప, భద్దియ, మహానామ, అస్సజి. అంతకుముందు సిద్ధార్థుడితో కలిసి తపస్సు చేసినవాళ్ళే. ఆయన ఒళ్ళు మాడ్చుకోవడం మానేసి తిండి తినేసరికి, ఇంకేం సన్యాసిలే అని వదిలేసి పోయారు. జ్ఞానోదయం అయ్యాక ఆయన గయ నుంచి 200 కిలోమీటర్లకి పైనే నడిచి వెతుక్కుంటూ వెళ్ళింది వీళ్ళ కోసమే! వస్తే లేచి నిలబడకూడదని ముందే అనుకున్నారట, తీరా దగ్గరికొచ్చాక కుదర్లేదు. నాకైతే ఈ కథలో అన్నిటికంటే నచ్చే ముక్క ఇదే.

చెప్పింది కూడా సూటిగా వాళ్ళకి తగిలేదే. భోగాల్లో మునగడం, ఒంటిని హింసించుకోవడం రెండూ దండగ, మధ్యేమార్గం పట్టమన్నాడు. తర్వాత నాలుగు సత్యాలు: దుఃఖం ఉంది, దానికి కారణం తృష్ణ, అది పోతుంది, పోవడానికి ఎనిమిది అంగాల దారి ఉంది. మన భాషలో ఇష్యూ, రూట్ కాజ్, ఫిక్స్, స్టెప్స్ అనుకోండి. కాకపోతే ఈ ఫిక్స్ ఇంకొకరు రిలీజ్ చేస్తే వచ్చేది కాదు, ఎవరికి వాళ్ళు చేసుకోవాల్సిందే. ఐదుగురిలో ముందు అర్థమైంది కౌండిన్యుడికి.

క్రీ.పూ. 3వ శతాబ్దంలో అశోకుడు అక్కడ స్తంభం నిలబెట్టాడు. దాని తల 1905లో తవ్వకాల్లో బయటపడింది. తవ్వించిన ఓర్టెల్ పీడబ్ల్యూడీలో ఇంజినీరు (మన జాతే!). 1950 జనవరి 26న అదే జాతీయ చిహ్నం అయ్యింది. కింద రాసిన సత్యమేవ జయతే మాత్రం ముండకోపనిషత్తుది.

ఇక్కడొక సంగతి చాలామందికి తెలీదు. ఆ సింహాల వీపుల మీద ఇంకో పెద్ద చక్రం ఉండేది, 32 ఆకులదంటారు. అసలు విషయం ఆ చక్రమే, సింహాలు దాన్ని మోస్తున్నాయంతే. విరిగి ముక్కలుగా దొరికింది, చిహ్నంలోకి రాలేదు. సింహాల కింద పీఠం మీదున్న చిన్న చక్రమే మన జెండాలోకి వచ్చింది.

అన్నట్టు, మన అమరావతి శిల్పులకి ఈ సంగతి బాగా తెలుసు. కొన్ని పలకల్లో బుద్ధుడి బొమ్మే చెక్కకుండా, ఖాళీ ఆసనం, దానిపైన చక్రం పెట్టి ఊరుకున్నారు. ఊరెళ్ళినప్పుడు అమరావతి మ్యూజియం చూడొచ్చు గానీ, మంచి పలకలు చాలావరకు చెన్నైలోనూ లండన్‌లోనూ ఉన్నాయి.