పోలీసు చర్య నాటి మరణాలు: బాధ్యత నిర్ధారణ

హైదరాబాద్ సంస్థానంలో 1948లో సామాన్య జనంపై రెండు వైపుల నుంచి దాడులు జరిగాయి. మొదట నిజాం పాలనకు అండగా నిలిచిన సాయుధ దళమైన రజాకార్లు ఊళ్ల మీద పడ్డారు. సంస్థానాన్ని కలుపుకోవడానికి భారత ప్రభుత్వం సెప్టెంబరు 13–17 మధ్య జరిపిన పోలీసు చర్యలో, ఆ తర్వాతి వారాల్లో ముస్లింలు ఊచకోతకు గురయ్యారు. పేరుకు పోలీసు చర్యే గాని, నడిపింది సైన్యం. మొదటి నేరాల్లో కొన్ని కోర్టు దాకా వెళ్లాయి. రెండోవి ఒక కమిటీ నివేదిక దగ్గరే ఆగాయి.

ఆగస్టు 27న రజాకార్లు, నిజాం సైనికులు బైరాన్‌పల్లిని (నేటి సిద్దిపేట జిల్లా) చుట్టుముట్టి పెద్ద సంఖ్యలో గ్రామస్థులను చంపారు. జనం తలదాచుకుని ఎదిరించిన బురుజు నేటికీ ఊళ్లో ఉంది. రజాకార్ల నాయకుడు కాసిం రజ్వీపై ‘ఇమ్రోజ్’ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్ హత్య కేసు నడిచినా చివరికి నిలవలేదు. నిలిచింది బీబీనగర్ దోపిడీ కేసు. అందులో పడిన ఏడేళ్ల శిక్ష విషయంలో 1953లో సుప్రీంకోర్టు జోక్యం చేసుకోలేదు. అన్ని ఊళ్ల గోడు ఒక దోపిడీ కేసులో ఇమిడిపోయిందన్నమాట. రజ్వీ 1957లో విడుదలై పాకిస్తాన్ వెళ్లిపోయాడు.

రెండో వైపు సంగతి తెలుసుకోవడానికి పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ ఒక కమిటీగా 1948 నవంబరు 29న హైదరాబాద్ చేరి, డిసెంబరు 21 దాకా తిరిగారు. సంస్థానంలోని 16 జిల్లాల్లో తొమ్మిదింటిని చూశారు. వంద పైచిలుకు గ్రామాలవారిని విచారించారు. ఒకచోట బావిలో పదకొండు శవాలు లెక్కపెట్టారు. వాటిలో ఒక తల్లి, ఆమె రొమ్మును కరుచుకున్న పసిబిడ్డ ఉన్నారు. ఎంత తగ్గించి చెప్పినా మృతులు 27 వేల నుంచి 40 వేల వరకు ఉంటారని వారి అంచనా. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లోనే 18 వేలకు తక్కువ కాదన్నారు. తెలుగు జిల్లాల్లో నల్లగొండ, మెదక్ పేర్లు కూడా వారి నివేదికలో ఉన్నాయి.

ఇవి అడిగి తెలుసుకుని వేసిన లెక్కలే గాని, శవపరీక్షలు చేసి తేల్చినవి కావు. అయినా బాధ్యత విషయంలో నివేదిక దాటవేయలేదు. సోలాపూర్ వంటి చోట్ల నుంచి సాయుధులు వచ్చారని, కొన్ని చోట్ల సైనికులు, పోలీసులు దోపిడీని ప్రోత్సహించారని, స్వయంగా పాల్గొన్నారని రాసింది. సైనిక గవర్నర్ జె.ఎన్. చౌదరిని మాత్రం మెచ్చుకుంది. రజాకార్ల దౌర్జన్యాలు రేపిన పగనూ, పొరుగు ముస్లింలను కాపాడిన హిందువులనూ ప్రస్తావించింది.

హోంమంత్రి వల్లభభాయ్ పటేల్ ఈ బృందాన్ని ప్రభుత్వం పంపలేదన్నారు. నివేదికను ప్రభుత్వం ప్రచురించలేదు. ఎ.జి. నూరానీ 2013లో తెచ్చిన హైదరాబాద్ పతనంపై పుస్తకంలో దాన్ని చదవవచ్చు.