హృదయమునకు దారి కనుగొనినవారు

ఎవరికైన గుండెకు స్టెంటు వేసినారని విన్నప్పుడు మనవారు రెండు విధముల మాటలాడుచుందురు. "ఇక భయము లేదు, గుండె క్రొత్తదైనది" అనువారు కొందఱు. "అదంతయు ధనము దోచుకొను మాయ" అనువారు మఱికొందఱు. ఈ రెండు మాటలును విచారణ లేక పుట్టినవే. ఈ చికిత్స యెట్లు పుట్టి పెరిగెనో తెలిసికొన్నచో దాని శక్తియు, దాని హద్దును తేటపడునని తలచి మేమీ చరిత్రమును సంగ్రహముగా వ్రాయుచున్నాము.

గుండె దేహమున కంతకు రక్తము పంపునుగాని, తన కండకు వలయు రక్తమును తనపై నల్లుకొన్న హృద్ధమనులను సన్నని నాళముల మూలముననే పొందును. వాని గోడలలో క్రొవ్వు పేరుకొని త్రోవ యిఱుకైనచో, నడచునప్పుడు ఱొమ్ము నొచ్చును. ఆ క్రొవ్వుపై పొర పగిలి, అచ్చట రక్తము గడ్డకట్టి త్రోవ మూసికొన్నచో గుండెపోటు వచ్చును. ఈ భేదమును చదువరులు మఱువరాదు. ముందు దీనితో పనియున్నది.

బ్రదికియున్నవాని గుండెలోనికి గొట్టము పంపుట సాహసమని వైద్యులు తలచిన కాలమది. 1929లో జర్మనీలోని ఎబర్స్‌వాల్డె వైద్యశాలలో వెర్నర్ ఫోర్స్‌మన్ అను ఇరువదియైదేండ్ల వైద్యుడు, పై యధికారి వలదన్నను వినక, కేథటరను సన్నని గొట్టమును తన మోచేతి సిరలో దూర్చి, ఎక్స్‌రే గదికి నడచిపోయి, అది గుండెను చేరినట్లు ఛాయాచిత్రము తీయించెను. ఆతనికి వెంటనే దక్కినది మెప్పు గాదు, నింద. 1956లో కూర్నాండు, రిచర్డ్స్ అనువారితోపాటు నోబెల్ బహుమాన మాతనిని వెదకికొని వచ్చెను.

1958లో అమెరికాలోని క్లీవ్‌లాండున మేసన్ సోన్స్ పరీక్ష చేయుచుండగా గొట్టపు కొన యనుకొనకుండ కుడి హృద్ధమనిలోనికి జాఱి, ఎక్స్‌రేలో కనబడు మందు అందు నిండెను. గుండె క్షణకాల మాగినను రోగి దగ్గగా మరల కొట్టుకొనెను. ఆ పొరపాటే హృద్ధమనులను కన్నులార చూచు విద్యకు మూలమయ్యెను. 1964లో చార్లెస్ డాటర్, కాలు తీసివేయవలె నని వైద్యులు చెప్పిన యొక వృద్ధురాలి కాలి ధమనిని గొట్టములతోనే వెడల్పుచేసి కాలు నిలిపెను. ఆ మార్గమున నడచిన ఆండ్రియాస్ గ్రూంట్‌జిగ్ తన యింటి వంటగదిలో చిన్న బెలూనులను తయారుచేసికొని, 1977 సెప్టెంబరు 16న జ్యూరిచ్ నగరమున ముప్పదియెనిమిదేండ్ల రోగి హృద్ధమనిని మొదటిసారి బెలూనుతో విప్పెను.

విప్పిన నాళము కొందఱిలో మరల మూసికొనుచుండెను. దానిని నిలిపి యుంచుటకు 1986లో ఫ్రాన్సుదేశపు టూలూజున జాక్ పుయెల్ లోహపు జాలి గొట్టమును, అనగా స్టెంటును, అమర్చెను. జాలి లోపల కండ పెరిగి త్రోవ మరల నిఱుకగుట చూచి, ఈస్టరు ద్వీపపు మట్టిలో దొరకిన సూక్ష్మజీవి నుండి తీసిన సిరోలిమస్ మందును దానికి పూసిరి. 1999లో బ్రెజిలులో నది తొలుత మనుష్యులకు వేయబడెను. అయితే క్రొత్తదెల్ల మేలు గాదు. నాళములో కరగిపోవు స్టెంటొకటి 2016లో అమెరికాలో ననుమతి పొంది, రక్తపు గడ్డ లెక్కువగుటచే 2017లోనే అమ్మకము మానెను.

మన హైదరాబాదున అబ్దుల్ కలాము, వైద్యులు సోమరాజు కలసి 1990వ దశకమున తక్కువ వెల స్టెంటును సిద్ధపఱచిరి. లక్ష రూపాయలకు మించి యమ్ముడైన మందుపూత స్టెంటునకు 2017 ఫిబ్రవరిలో ప్రభుత్వము 29,600 రూపాయలు హద్దుగా విధించెను.

ఇక వివేకము మాట. గుండెపోటు వచ్చుచున్నప్పుడు మూసిన నాళమును త్వరగా తెఱచుట ప్రాణమును నిలుపును. ఇందు సందియము లేదు. కాని నడచునప్పుడు మాత్రమే వచ్చు నిలుకడయైన నొప్పి గలవారి మాట వేఱు. 2007లో వెలువడిన పరిశోధన యందు 2,287 మందిని, 2019లో వెలువడిన దానియందు 5,179 మందిని పరిశీలించి చూడగా, మంచి మందులు వాడువారికి ఈ చికిత్స నదనముగా చేయుటచే మరణములు తగ్గలేదు. నొప్పి మాత్రము తగ్గెను. ఏలయన స్టెంటు ఒక్క తావును విప్పును. రోగమో నాళముల గోడలన్నిటను వ్యాపించి యుండును.

మా సహోపాధ్యాయు లొకరు రాత్రివేళ వచ్చిన ఱొమ్మునొప్పిని అజీర్ణమని తలచి, సోడా త్రాగి, తెల్లవారువఱకు వేచి, ఆసుపత్రి చేరకమునుపే గతించిరి. మఱియొకరు కొద్దిపాటి నొప్పికి జడిసి, మందులు వాడి చూడకయే, ఉన్న యరయెకరము అమ్మి స్టెంటు వేయించుకొనిరి. పిమ్మట రోగము పోయినదని మందులు మాని, చుట్ట మరల పట్టిరి. ఒకరు త్వరపడవలసినచోట జాగుచేసిరి. ఒకరు విచారింపవలసినచోట త్వరపడిరి. చెమటతో, బిగబట్టినట్లు వచ్చు నొప్పికి క్షణమైన నాగక వైద్యశాలకు పోవలెను, నిలుకడ నొప్పికి వైద్యుని "ఇది ప్రాణము నిలుపుటకా, నొప్పి తగ్గించుటకా?" అని యడుగవలెను. ఆ ప్రశ్న యడుగుటకు సిగ్గుపడ నక్కఱలేదు. ఫోర్స్‌మన్ మొదలుగా నీ విద్యను పెంచినవారందఱును, అడుగరాదన్న ప్రశ్నల నడిగినవారే.