తూటాల తెర వెనక

వీడియో ఆటల మీద వ్యాసమేమిటి, అదీ ఈ పేజీలో, అని కొందరు చదువరులు నొసలు చిట్లించవచ్చు. అయితే ఈ టపాలో నేను చెప్పబోయే చరిత్రలోని తగవు మనకు కొత్తది కాదు. కష్టమైనదే గొప్పదా? కష్టం తగ్గిస్తే కళ పలచబడుతుందా? అర్హత లేనివాడికి తలుపు తీయడం ఉదారతా, లేక అపచారమా? పద్యం, వచనం పేరిట మనం నూరేళ్ళుగా నలుగుతున్న ప్రశ్నలే ఇవి. మన తగవులో మనం ముందే ఏదో ఒక పక్షాన నిలబడి ఉంటాం కనుక సరిగా చూడలేం. పక్షం లేనిచోట చూస్తే కాస్త తేటగా కనబడుతుందని నా ఆశ.

నేను చెప్పేది జపానువారు ‘షూటింగ్’ అనీ, ఆంగ్లం మాట్లాడే అభిమానులు ‘ష్మప్’ అనీ పిలుచుకునే ఆటల గురించి. తెర కిందిభాగాన ఒక చిన్న విమానం, పైనుంచి వచ్చే శత్రువులు, వాళ్ళ తూటాలు. తప్పుకోవాలి, కాల్చాలి. చెప్పడానికి ఇంతకంటే ఏమీ లేదు. ఇంత చిన్న చట్రంలో నలభై ఏళ్ళకు పైగా మనుషులు ఏమేం చేశారన్నదే విశేషం.

దీనికి ఆదికావ్యం 1978లో టైటో సంస్థ విడుదల చేసిన ‘స్పేస్ ఇన్వేడర్స్’. కర్త తొమొహిరో నిషికాదో. అయిదు వరుసల్లో పదకొండేసి చొప్పున యాభై అయిదు శత్రువులు అటూ ఇటూ కదులుతూ మెల్లగా కిందికి దిగుతాయి. సగం చచ్చేసరికి మిగిలినవాటి నడక వేగమందుకుంటుంది. చివరి ఒక్కటీ పరుగే. ఇది ఎవరో కూర్చుని ఆలోచించి పెట్టిన కష్టం కాదు. ఆనాటి ప్రాసెసరుకు యాభై అయిదు బొమ్మల్ని గీయడమే తలకు మించిన పని; బొమ్మలు తగ్గేకొద్దీ పని తేలికై వేగం దానంతటదే పెరిగింది. నిషికాదో దాన్ని చూసి, బాగుందనిపించి, అలాగే ఉండనిచ్చాడు. ఈ జాతి ఆటల్లో ‘పోనుపోను కఠినం’ అన్న సూత్రం యంత్రం నీరసంలోంచి పుట్టిందన్నమాట. తరవాతి కాలంలో కష్టాన్ని ఒక పవిత్ర సంప్రదాయంగా వర్ణించినవారికి ఈ సంగతి గుర్తుచేయాలని నాకెప్పుడూ అనిపిస్తుంది. (ఈ ఆట వల్ల జపానులో నూరు యెన్ల నాణేలకు కరువొచ్చిందన్న మాట మీరు వినే ఉంటారు. ముచ్చటైన కథే, కానీ చరిత్ర కాదు.)

నాణెం మాట వచ్చింది కనుక ఆ లెక్క కూడా చూడాలి. ఆటశాలలో యంత్రం పెట్టినవాడికి ఒక్కో నాణేనికి ఒక్కో ఆటగాడు రెండు మూడు నిమిషాల్లో ఓడిపోతే లాభం. అరగంట నిలబడే ఆటగాడు దుకాణానికి భారం. మా ఊళ్ళో తొంభైల తొలినాళ్ళలో ఇలాంటి దుకాణం ఒకటుండేది. రూపాయి బిళ్ళ వేసి ఎక్కువసేపు ఆడే కుర్రాణ్ణి యజమాని ఎలా చూసేవాడో నాకు తెలుసు. అయితే ఆ కుర్రాడి వెనక నలుగురు చేరి కళ్ళప్పగించి చూసేవారు, వాళ్ళ జేబుల్లోనూ బిళ్ళలుండేవి. ప్రవీణుడు ఒకేసారి నష్టమూ ఆకర్షణా కూడా. తయారీదారులు ఈ ఇరకాటానికి ఎంచుకున్న దారి తేలికైనదే: ప్రవీణుడు గెలిచిన ప్రతిసారీ తరవాతి ఆటను ఇంకాస్త బిగించడం.

1985లో కొనామి తెచ్చిన ‘గ్రాడియస్’ చూడండి. ఆయుధాల్ని మన ఇష్టప్రకారం ఎంచుకుంటూ కూడబెట్టుకోవడం అందులో కొత్తదనం, ఆ రోజులకు అద్భుతమైన ఊహ. కానీ ఒక్కసారి చస్తే కూడబెట్టిందంతా పోతుంది. వెనక్కి తీసుకెళ్ళి, ఒట్టి చేతులతో, అదే చోట నిలబెడుతుంది. తెలిసినవాడు అక్కణ్ణుంచీ కోలుకుంటాడు. తెలియనివాడు మళ్ళీ మళ్ళీ అక్కడే చస్తాడు. కొత్త ఊహా, కొత్త శిక్షా ఒకే సూత్రానికి రెండు కొసలు. 1987లో వచ్చిన ఐరెమ్ వారి ‘ఆర్-టైప్’ కూడా ఇదే దారి: ప్రతి అంకమూ ఒక చిక్కుముడి, కంఠస్థం చేసినవాడిదే రాజ్యం. 1991లో ‘స్ట్రీట్ ఫైటర్ 2’ వచ్చి, యంత్రంతో కాక పక్కనున్న మనిషితో తలపడే రుచి చూపించాక ఆటశాలల్లో జనం అటు మళ్ళారు. విమానాల ఆటలు ఒక మూలకు జరిగాయి.

ఇక్కడే ఈ చరిత్రలో నాకు అత్యంత ప్రీతిపాత్రమైన ఘట్టం. టోఅప్లాన్ అనే చిన్న సంస్థ 1993లో ‘బత్సుగన్’ అనే ఆట చేసి, మరుసటి ఏడాదే దివాలా తీసింది. అక్కడి మనుషులు కొందరు 1994లో ‘కేవ్’ సంస్థలో చేరారు. వారిలో త్సునెకి ఇకెదా ఒకడు. 1995లో ‘దోన్‌పాచి’, 1997లో ‘దోదోన్‌పాచి’. ఈ ఆటల్లో తూటాలు పదులు కాదు, వందలు. పువ్వుల్లా విచ్చుకుంటూ, విసనకర్రల్లా పరుచుకుంటూ తెరంతా నిండిపోతాయి. జపానువారు దీనికి ‘దన్మకు’ అన్న పాత సైనిక పదం వాడారు. తూటాల తెర అని అర్థం. పాశ్చాత్యులు తూటాల నరకమన్నారు. మొదటిసారి చూసినవారెవరైనా ఇది మానవమాత్రుడి వల్ల కాదనే అనుకుంటారు.

రహస్యమేమిటంటే, ఆ తూటాలు నెమ్మదిగా నడుస్తాయి. పైగా విమానం బొమ్మ ఎంత పెద్దదైనా, తూటా తగిలితే చచ్చే భాగం దాని నడుమ కొన్ని చుక్కలంత మాత్రమే. రెక్కలకు తగిలితే ఏమీ కాదు. కనుక దారే లేదనిపించిన చోట దారి ఉంటుంది. పాత ఆటల్లో ఒక్కటే తూటా, కానీ అది సూదిలా దూసుకొచ్చి గుండెకు తగిలేది; కళ్ళు చూసేలోపు కథ ముగిసేది. కొత్త ఆటల్లో మూడువందల తూటాలు, వాటి మధ్య నుంచి సామాన్యుడు కూడా ఒక్కోసారి ఎలాగో బయటపడి, నేనేనా అని ఆశ్చర్యపోయేవాడు. ఆ రోజుల్లో జరిగిన ఈ ఆవిష్కరణ సారాంశం కష్టాన్ని పెంచడం కాదని, కష్టంగా కనబడేదాన్నీ నిజంగా కష్టమైనదాన్నీ విడదీయడమని నా అభిప్రాయం. ఆటగాడికి తాను లేని ప్రవీణుణ్ణని కాసేపు నమ్మకం కలిగించడం అందులో పెద్ద భాగం. దురదృష్టవశాత్తూ పైపైన చూసినవారికి మొదటిదే కనబడింది. జనం బెదిరారు, అభిమానులు మురిశారు. ‘దోదోన్‌పాచి’లో ఆట మొత్తం ఒకసారి ముగించి, కొన్ని కఠినమైన షరతులు కూడా నెరవేర్చినవారికే రెండో ఆవృత్తి తెరుచుకుంటుంది. దాని చివర ‘హిబాచి’ అనే తేనెటీగ ఉంటుంది. దాన్ని కళ్ళారా చూసినవారే బహు కొద్దిమంది.

ఇంకో దారి కూడా ఉంది, అది మరీ చిత్రమైనది. 1996లో రైజింగ్ సంస్థనుంచి వచ్చిన ‘బాటిల్ గరెగ్గా’. కర్త షినొబు యగావా. ఈ ఆటకు కంటికి కనబడని ఒక కొలమానముంది, అభిమానులు ‘ర్యాంకు’ అంటారు. మీరు కాల్చేకొద్దీ అది పెరుగుతుంది. వస్తువులేరుకుంటే పెరుగుతుంది. ఆయుధాలు పెంచుకుంటే పెరుగుతుంది. ఏమీ చేయకపోయినా కాలంతోపాటు పెరుగుతుంది. అది పెరిగేకొద్దీ శత్రువులు మొండికేస్తారు, తూటాలు దట్టమవుతాయి. తగ్గించే దారి ఒక్కటే, చావడం. అందుచేత ఈ ఆటలో ఆరితేరినవారు కావాలని చస్తారు! చావడానికి ప్రాణాలు కావాలి గనుక, పది లక్షల పాయింట్లకొకటి చొప్పున వచ్చే కొత్త ప్రాణాల కోసం స్కోరు చేస్తారు. అంటే మనుగడ కోసం స్కోరు, స్కోరు కోసం ప్రాణం, ప్రాణాన్ని పణంగా పెట్టి మనుగడ. అత్యాశకు పోయి కనబడిందల్లా ఏరుకునే కొత్తవాడు మూడో నాలుగో అంకానికల్లా తాను పెంచి పోషించిన రాక్షసుడి చేతిలో పోతాడు, ఎందుకు పోయాడో తెలియకుండానే. ఏ వీడియో ఆటలోనూ ఇంతకంటే లోతైన నీతిశాస్త్రం నాకు కనబడలేదు. అయితే ఆ శాస్త్రం ఎక్కడా రాసిలేదు, యంత్రం చెప్పదు. పైగా ఆ తూటాలు సన్నటి ఇనుప ముక్కల్లా ఉండి పేలుళ్ళ శకలాల్లో కలిసిపోయేవి. వాటి రూపురంగులు మార్చుకునే వీలు తరవాతి రూపాల్లో వచ్చింది.

చెప్పని శాస్త్రం ఉన్నచోట గురువులు పుడతారు. ‘గేమెస్ట్’ అనే జపాను పత్రిక 1986 నుంచి 1999 దాకా దేశంలోని ఆటశాలల అత్యధిక స్కోర్లను ప్రకటించేది. అది ఆగాక ‘ఆర్కేడియా’ ఆ పని 2015 దాకా సాగించింది. ఆ స్కోర్ల వెనక నెలల తరబడి సాధన, కాగితాల మీద గీసుకున్న దారులు, నమ్మకస్తులకే చెప్పుకునే కిటుకులు ఉండేవి. ‘ఒకే నాణెంతో ముగించడం’ అన్నది ఈ లోకంలో ఉపనయనం లాంటిది. మధ్యలో మరో నాణెం వేసి కొనసాగినవాడు ఎంత దూరం వెళ్ళినా ఆడినట్టు లెక్క కాదు. వినడానికి అహంకారంలా ఉంటుంది. కానీ దీనిలో నిజమూ ఉంది. ఇంట్లో ఆడుకునే రూపాల్లో నాణేలకు కొదవలేదు కనుక అరగంటలో చివరిదాకా పోయి, ‘ఆట మరీ చిన్నది’ అని రాసిన సమీక్షకులు ఎందరో. వాళ్ళు శతకాన్ని పేజీలు తిప్పి లెక్కపెట్టినట్టే. ఇక్కడ నేను ఛాందసుల పక్షమే.

వారితో నాకు పేచీ వచ్చేది మరోచోట. ఐరోపా, అమెరికాల్లో ఈ ఆటలకు వేరే సంప్రదాయం ఒకటుంది: విమానానికి ఆయుష్షు పట్టీ, అంకానికీ అంకానికీ నడుమ దుకాణం, కొనుక్కునే ఆయుధాలు. 1995 నాటి ‘టిరియన్’ దానికి మంచి ఉదాహరణ. పాశ్చాత్య అభిమానులే ఈ కోవకు ‘యూరోష్మప్’ అని పేరు పెట్టి, దాన్ని తిట్టుగా వాడారు. విమానం జారుతుందనీ, తూటాలు తప్పించుకోలేనట్టు వస్తాయనీ వారి విమర్శ, చాలాసార్లు సబబే. కానీ పేరే తీర్పు అయిపోయాక విమర్శకు ఆట చూడవలసిన పని కూడా ఉండదు. మన శాస్త్రగ్రంథాల మొదట ‘అధికారి’ ఎవరో చెబుతారు, అంటే చదవడానికి తగినవాడు. అక్కడ ఆ మాట గ్రంథంలో ఏముందో తెలుసుకోవడానికి ప్రవేశద్వారం. ఇక్కడ అది తలుపుకు వేసిన గొళ్ళెం.

2001లో ట్రెజర్ సంస్థ నుంచి వచ్చిన ‘ఇకరుగా’ ఈ లోకం బయటివారు కూడా గౌరవించిన కొద్దిపాటి ఆటల్లో ఒకటి. కర్త హిరోషి ఇఉచి. విమానానికి నలుపు, తెలుపు అని రెండు స్థితులు. మన రంగు తూటాలు మనల్నేమీ చేయవు సరికదా, శక్తిగా మారతాయి. ఎదుటి రంగువి చంపుతాయి. ఎదుటి రంగు శత్రువును కొడితే దెబ్బ రెట్టింపు. ఒక్క బొత్తంతో ఆట యావత్తూ తలకిందులవుతుంది. ఒక్క తూటా కూడా కాల్చకుండా, కేవలం మింగుతూ, ఆటను ముగించినవారికి అందులో ప్రత్యేక బిరుదు కూడా ఉంది. షూటింగ్ ఆటలో కాల్చకపోవడం! అయినా దీన్ని ‘ఇది తప్పించుకునే ఆట కాదు, పజిల్’ అని పక్కన పెట్టినవారున్నారు.

నిజమైన మలుపు ఆటశాల బయటనుంచి వచ్చింది. ‘జూన్’ అన్న కలంపేరుగల ఒకే ఒక్క మనిషి, కార్యక్రమం తనే రాసి, బొమ్మలు తనే గీసి, సంగీతం తనే కట్టి, ‘తోహో’ అనే ఆటల వరసను కంప్యూటర్లకోసం చేసుకుంటూ వచ్చాడు. 2002లో విండోస్ మీద వచ్చిన ‘కోమక్యో’తో అది దావానలమైంది. ప్రతి తూటాల ముగ్గుకూ ఒక పేరు పెట్టాడు, కవి పద్యానికి మకుటం పెట్టినట్టు. దాంతో తూటాలు ఆపద మాత్రమే కాక ఆ పాత్ర స్వభావం కూడా అయ్యాయి. 2003 నాటి తరవాతి ఆటలో, నెమ్మదిగా కదిలేటప్పుడు ప్రాణస్థానం ఎక్కడుందో తెర మీదే చుక్కలా చూపించాడు. ఏళ్ళ తరబడి అనుభవంతో తప్ప తెలియని సంగతి ఒక చుక్కతో బట్టబయలు! అలాగని అతను మెత్తనివాడేం కాదు. ‘కోమక్యో’లో సులభ స్థాయి ఎంచుకున్నవారిని అయిదో అంకంతోనే ఇంటికి పంపించేశాడు. తన పాత్రలతో ఇతరులు కథలు, పాటలు, బొమ్మలు చేసుకోవడానికి మాత్రం అడ్డు చెప్పలేదు. ఆ పాటలు విని, బొమ్మలు చూసి, ఆటకు వచ్చిన పిల్లలే తరవాతి తరం ఆటగాళ్ళు. ఆటశాల విద్వాంసుల్లో కొందరు వీరిని చిన్నచూపు చూశారు.

కేవ్ వారు కూడా దారులు వెదకకపోలేదు. 2004 నాటి ‘ముషిహిమెసమా’లో అసాధ్యమనిపించే ‘అల్ట్రా’ స్థాయి పెట్టినవారే, 2007 నాటి ‘డెత్‌స్మైల్స్’లో ప్రతి అంకానికీ కష్టాన్ని ఆటగాడే ఎంచుకునే ఏర్పాటు చేశారు. కానీ ఆటశాలలే తరిగిపోతున్న కాలమది. 2012లో ‘సైదైఓజో’ తరవాత వారినుంచి ఆటశాలకు అలాంటి ఆట రాలేదు. కష్టమే ఈ జాతిని చంపిందని కొందరంటారు. నేనొప్పుకోను. ఆటశాల పోయింది, నాణేనికి విలువ పోయింది, వెనక నిలబడి చూసే నలుగురూ పోయారు. కష్టానికి అర్థం ఇచ్చినవి అవే. అవి లేనిచోట అదే కష్టం ఒట్టి మొండితనంగా కనబడింది.

2016 చివర్లో ఎం2 అనే సంస్థ ‘బాటిల్ గరెగ్గా’ను ప్లేస్టేషన్ 4కు తెచ్చింది. నిలువు తెర కనుక రెండు పక్కలా ఖాళీ మిగులుతుంది. ఆ ఖాళీలో, ఇరవై ఏళ్ళుగా గురుముఖతః తప్ప దొరకని ఆ ర్యాంకును, క్షణక్షణమూ కదిలే పట్టీగా గీసి చూపించారు. ఏ వస్తువు ముట్టుకుంటే ఎంత పెరిగిందో, ఏ చావుతో ఎంత తగ్గిందో, ఎవరైనా చూడవచ్చు. బహు సులభమైన స్థాయి కూడా ఒకటి చేర్చారు. అసలు ఆటలోని లెక్కల్ని మాత్రం వారు మార్చలేదు. పట్టీ కనబడుతున్నా, అది పైకి పాకుతుంటే ఇప్పటికీ వేలు వణుకుతూనే, చేతులారా ఒక ప్రాణం వదులుకోవలసిందే.