మార్ల్స్‌ఫర్డ్ నుంచి రోజూ ఒక ఉత్తరం

2028 ఏప్రిల్‌కు ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు పూర్తయి వందేళ్లు నిండుతాయి. అప్పుడు అందరూ మళ్లీ చెప్పుకోబోయేది డాక్టర్ మైనర్ కథే. హత్య చేసి బ్రాడ్‌మూర్ పిచ్చాసుపత్రిలో బందీ అయి, అక్కడి గదిలోంచే సంపాదకుడు జేమ్స్ మర్రేకి వేల పదప్రయోగాలు ఏరి పంపిన అమెరికన్ సైనిక వైద్యుడాయన. ఆ కథ పుస్తకమైంది, సినిమా అయింది. కానీ విక్టోరియా కాలపు ఉత్తరాల్లో ఆ నిఘంటువుకు అంతకన్నా గట్టి మేలు చేసినవి ఇంకో పుస్తకప్రియుడివి, ఫిట్జెడ్వర్డ్ హాల్‌వి అని నా అభిప్రాయం.

ఇంగ్లీషుకు 1604లో కాడ్రీ చిన్న పదపట్టిక వచ్చింది, 1755లో జాన్సన్ నిఘంటువు వచ్చింది. ప్రతి మాటకూ పుట్టుక నుంచి చరిత్ర రాయాలన్న ఆలోచన 1857లో లండన్ భాషాశాస్త్ర సంఘంలో మొదలైంది. 1879లో మర్రే పగ్గాలు పట్టి, పుస్తకాలు చదివి ప్రయోగాలను చీటీల మీద రాసి పంపమని పాఠకులను వేడుకున్నాడు. తొలి భాగం 1884లో వెలువడింది.

హాల్ కూడా అమెరికనే. ఇల్లు విడిచిపోయిన సోదరుణ్ణి వెతుకుతూ 1846లో కలకత్తాకు బయల్దేరితే, గంగ ముఖద్వారం దగ్గర ఓడ పగిలింది. బతికి బయటపడి ఇక్కడే ఉండిపోయాడు. సంస్కృతం నేర్చి కాశీ సంస్కృత కళాశాలలో పాఠం చెప్పాడు. 1852లో శంకరుల పేర ఉన్న ఆత్మబోధను పరిష్కరించి అచ్చువేశాడు. 1857 తిరుగుబాటులో సాగర్ కోటలో ఏడు నెలలు ముట్టడిలో చిక్కుకున్నాడు. 1862లో లండన్‌లో సంస్కృతాచార్యుడయ్యాడు, ఇండియా ఆఫీసు గ్రంథాలయమూ చూశాడు. తగాదాలు ముదిరి 1869లో కొలువు పోయాక సఫోక్‌లోని మార్ల్స్‌ఫర్డ్ అనే పల్లె చేరాడు. ఆ పల్లె నుంచే సుమారు ఇరవై ఏళ్లు, 1901లో కన్నుమూసేదాకా, దాదాపు రోజూ మర్రేకి రాశాడు. రోజుకు నాలుగేసి గంటలు నిఘంటువు ప్రూఫుల మీద కూర్చున్నాడు. ఇద్దరూ ఒక్కసారీ కలుసుకోలేదు.

మైనర్ చేసింది చిన్న పనా అని ఎవరైనా అడగవచ్చు. కాదు. తన దగ్గరున్న పాత పుస్తకాలకు ఓపికగా పదసూచికలు కట్టి, మర్రే బృందం ఏ మాట మీద పనిచేస్తుంటే ఆ మాటకు ప్రయోగాలు పంపాడు. నాలుగు శతాబ్దాల భాషను ఆయన ఒక్కడి చీటీలతోనే చూపగలమని మర్రే మెచ్చుకున్నాడు కూడా. అయితే మైనర్ ప్రధానంగా అడిగినదానికి జవాబిచ్చాడు, హాల్ అడగనిది చూపించాడు. ప్రూఫు చదివేవాడి కళ్ల ముందు మాట చరిత్ర మొత్తం ఉంటుంది. ఏ అర్థానికి సాక్ష్యం చాలలేదో, ఏ శతాబ్దం ఖాళీగా ఉందో, ఏ నిర్వచనం ఉదాహరణతో పొసగలేదో అక్కడే తేలుతుంది. ప్రూఫులో ఉన్నదానికన్నా పాత ప్రయోగం ఒక్కటి దొరికినా ఆ మాట పుట్టిన కాలమే వెనక్కి జరుగుతుంది. తగవులమారి, ఏకాంతవాసి కాబట్టే హాల్ ఉత్తరాలతో కాలం గడిపాడనే మాటతోనూ నేను ఏకీభవించను. నిఘంటువు పనికి ముందే, 1873లో ఆధునిక ఇంగ్లీషు మీద ఒక గ్రంథం, 1877లో ‘రిలయబుల్’ లాంటి విశేషణాలను సమర్థిస్తూ మరొకటి రాశాడు. శుద్ధభాషావాదులను అభిరుచులతో కాక, పాత రచయితల ప్రయోగాలతో ఎదుర్కొన్నాడు. మర్రేకి కావలసింది సరిగ్గా ఆ పట్టుదలే. మనుషుల మధ్య ఆయనకు శత్రువులను తెచ్చిన గుణం ప్రూఫు అంచున నిఘంటువుకు రక్షణ అయింది.

మర్రే 1915లో పోయాడు. 1928లో పని ముగిసింది, 1989లో రెండో కూర్పు ఇరవై సంపుటాలుగా వచ్చింది. ఆ తర్వాత ఈ కథ ఒకే దారిన నడవదు. పాత పుస్తకాలు కంప్యూటర్లలోకి ఎక్కాయి, తొలి ప్రయోగాన్ని వెతకడం క్షణాల పనైంది. దొరికిన వాక్యంలో ఆ మాట అదే అర్థంలో వాడారా లేదా అన్నది మాత్రం ఇప్పటికీ మనిషే చదివి తేల్చాలి. 2000లో ఎం అక్షరంతో వెలువడడం మొదలైన నిఘంటువు సవరణ ఇంకా సాగుతోంది.