గాజుతొట్టియు గోదావరి కాలువయు

బంగారు చేపను ఎరుగనివారు మనలో అరుదు. రాజమహేంద్రవరములోను, కాకినాడలోను, భీమవరములోను నేడు ఎన్నియో ఇండ్లలో ముందుగదిలో ఒక గాజుతొట్టియు, దానిలో తోకలు విసరుచు తిరుగు రెండు మూడు ఎఱ్ఱని చేపలును కానవచ్చును. ఆ తొట్టిలోనే గాజునకు నోరు అతికించుకొని, ఒడలినిండ నల్లని మచ్చలతో, కదలక మెదలక ఉండు వేరొక చేపయు తరచుగా కనబడును. అంగళ్ళలో దానిని సక్కర్ అందురు. పెంపకపుదారులు ప్లీకో అందురు. అది పాచిని తిని అద్దమును తుడుచుననియు, తొట్టి కడుగు శ్రమ యజమానికి తప్పుననియు చెప్పి అమ్ముదురు. ఈ రెండు చేపలును ఒక్క తొట్టిలోనికి ఎట్లు వచ్చినవో, ఆ సహవాసము మన గోదావరి సీమకు ఏమి తెచ్చిపెట్టుచున్నదో శ్రోతలకు మనవి చేయుటయే నా ఉద్దేశము.

బంగారు చేపకు పుట్టినిల్లు చీనాదేశము. అది మన శీలావతికిని, బొచ్చెకును దూరపు చుట్టము. బూడిదవన్నె గల ఒక చెరువుచేపకు అప్పుడప్పుడు ఎఱ్ఱని పిల్లలు పుట్టుచుండెను. చీనావారు వానిని ఏరి, వేరు కొలనులలో ఉంచి, తరతరములుగా పెంచి ఈ జాతిని నిలిపిరి. 960 మొదలు 1279 వరకు పాలించిన సుంగ్ రాజుల కాలమున అది కొలనులలో పెంపుడు చేపయైనది. పిమ్మట మింగ్ రాజుల నాడు కొలను విడిచి కుండలలోనికి, ఇండ్లలోనికి వచ్చినది. 17వ శతాబ్దిలో ఐరోపా ఖండమును చేరినది.

ప్లీకోది వేరు ఖండము. దక్షిణ అమెరికాలోని వేడి నదులు దాని నివాసము. స్వీడను దేశపు పండితుడు లినేయసు 1758లో ప్రకటించిన జీవకోశమున ఈ రెండింటికిని శాస్త్రనామములు పెట్టెను. బంగారు చేపను గండుచేపల వర్గమున చేర్చెను. సురినాము నుండి వచ్చిన రెండవదానికి ఒడలెల్ల ఎముకపలకలుండుటచే దానిని స్టర్జను అను చేపల సరసన నిలిపెను. ప్లెకోస్టోమసు అనగా ముడుతనోరు గలది అని గ్రీకుభాషలో అర్థము. స్టర్జనులతో దానికి చుట్టరికము లేదనియు, అది జెల్లల వంటి మీసపుచేపల వర్గములోనిదనియు తరువాతివారు సవరించిరి. నేడు అంగళ్ళలో దొరకునది చాలవరకు లినేయసు చూచిన చేపయే కాదు. వీపున తెరచాప వంటి పెద్ద రెక్క గల దాని దాయాది.

బంగారు చేపకు ఒక పరిచారకుని కుదుర్చవలెనను తలంపు మాత్రము అంగడివారిది కాదు. లండను నగరమున రాబర్టు వారింగ్టను అను రసాయనశాస్త్రజ్ఞుడు రెండు చిన్న బంగారు చేపలను, ఒక నీటిమొక్కను తొట్టియందుంచి పరీక్షింపసాగెను. కొంతకాలమునకు ఆకులు కుళ్ళి నీరు చెడి, పాచి పట్టెను. అప్పుడు ఆయన చెరువునత్తలను తెచ్చి విడువగా అవి కుళ్ళును, పాచిని తిని నీటిని తేరపరచినవి. 1850లో ఈ సంగతిని ఆయన ప్రకటించెను. ఇంటింటి గాజుతొట్టికి ఆనాటి ఆ పాత్రయే మూలమని చెప్పవచ్చును. నత్త చేసిన కొలువునే నేడు ప్లీకో చేయునని మనము ఆశించుచున్నాము.

కాని నత్త వేరు, ప్లీకో వేరు. అంగడిలో రెండంగుళములుండు పిల్ల పెరిగి పెరిగి అడుగున్నర వరకు సాగును. బంగారు చేపకు 18 మొదలు 22 డిగ్రీల సెంటిగ్రేడు గల చల్లని నీరు హితము. ప్లీకోకు 24 మొదలు 28 డిగ్రీల వెచ్చని నీరు కావలెను. ఒకదానికి సుఖమైనచో రెండవదానికి సుఖము లేదు. రెండును విశేషముగా మలము విడుచునవే గనుక తొట్టి శుభ్రపడుటకు మారు మఱింత చెడును. అద్దముపై పాచి కొన్ని నాళ్ళలో అయిపోవును. పిదప ఆకలిగొన్న ప్లీకో రాత్రివేళ, మెల్లగా ఈదు గుండ్రని బంగారు చేప ప్రక్కకు నోరు అతికించి, ఒంటిమీది జిగురును గీకి తినుట కలదు. ఆ జిగురు చేపకు కవచము. అది పోయినచోట పుండుపడును. నేను చూచిన తొట్లలో ఇట్లు ప్రక్కలు ఎఱ్ఱబారిన చేపలు ఒకటి రెండు కావు.

అప్పుడు యజమాని ఏమి చేయును? చంపుటకు చేయి రాదు. తొట్టిలో ఉంచుటకు వీలు లేదు. సంచిలో వేసికొని పోయి కాలువలో విడిచి, ఒక ప్రాణమును కాపాడితినను తృప్తితో ఇంటికి వచ్చును. ఆ దయను నేను నిందింపను. కాని ఆ కాలువ ఎట్టిదో ఆలోచింపవలెను.

వారింగ్టను లండనులో తన పాత్రను పరీక్షించుచున్న ఆ సంవత్సరములలోనే, 1847 మొదలు 1852 వరకు, ఇచట ధవళేశ్వరమున ఆర్థరు కాటను ఆనకట్ట కట్టించుచుండెను. ఆ పాత్రలోనిది నాలుగు గోడల నడుమ బంధింపబడిన నీరు. ఆనకట్ట వలన మనకు లభించినది ఒకదానితో నొకటి కలిసిన నీరు. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల పెద్దకాలువల నుండి పిల్లకాలువలకు, బోదెలకు, వరిచేలకు, మురుగుకాలువలకు ఆ నీరు నడచును. గ్రామములలో మంచినీళ్ళ చెరువులును కాలువనీటితోనే నిండును. ఏలూరువద్ద గోదావరి కాలువ కృష్ణా కాలువతో కలియును. కనుక ఒక వంతెనమీద నుండి విడిచిన చేపకు రెండు నదుల సీమయు తెరచిన వాకిలియే.

అలంకారముగా వచ్చి ఆపదయైనది ఇదియే మొదలు కాదు. మన కాలువలను కప్పివేయు గుర్రపుడెక్కయు అమెజాను ప్రాంతపుదే. 19వ శతాబ్ది చివర దాని ఊదాపూల అందమునకు మురిసి బంగాళమునకు తెచ్చిరి. 1936 నాటికి దానిని అణచుటకు అచట ప్రత్యేకముగా చట్టమే చేయవలసివచ్చెను. నేటికిని అది పోలేదు.

ప్లీకోల దాయాదులును ఆ త్రోవనే నడచుచున్నవి. తిరువనంతపురపు కాలువలోను, కలకత్తా తూర్పు చిత్తడినేలలలోను, గంగలోను అవి దొరకినవి. హైదరాబాదునందలి సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు నీటిలో కలిసియుండు డి.ఎన్.ఏ. ఆనవాళ్ళను పరీక్షించి, తూర్పు కనుమలలో తాము శోధించిన జలాశయములలో నూటికి 60 వంతున ఇవి చేరినట్లు 2024లో తెలిపిరి. బంగ్లాదేశము 2023లో ఈ చేపను నిషేధించినది. మన జాలరులు దీనికి దెయ్యం చేప అని పేరు పెట్టిరి. ఆ పేరు ఊరక రాలేదు. దాని ముండ్లు వలలో చిక్కినచో వలను కోయక తప్పదు. గాలిని మ్రింగి నీటి వెలుపల గంటలకొలది బ్రతుకును. గ్రుడ్లు పెట్టుటకు మట్టిగట్లలో మూడు నాలుగడుగుల లోతు బొరియలు త్రవ్వును. మన కాలువగట్లు చాలవరకు మట్టిగట్లే. ఒక వృద్ధ జాలరి నాతో అన్నమాట ఇది: "కూరకి రాదండి, కత్తికి లొంగదండి, వల మాత్రం పాడుచేస్తాదండి." చినిగిన వలను కుట్టుకొనుటకు ఒక పూట పోవును. ఆ పూట వేట లేదు, వేట లేని పూట కూలి లేదు. చేపను విడిచిన యజమానికి ఈ సంగతి తెలియదు.

బంగారు చేపలు పెంచుకొనువారికి నా మనవి స్వల్పము. వానిని వానితోనే ఉంచుడు. తొట్టిపై ఎండ పడనీయకుడు, మేత తగ్గించుడు, వారమునకొకసారి నాలుగవవంతు నీరు మార్చి, అద్దమును గుడ్డతో తుడువుడు. పాచి బాధ తీరును. ప్లీకో ఇదివరకే ఇంట నుండినచో దానికి నాలుగైదు వందల లీటర్ల వేరు తొట్టి అమర్చుడు. లేదా అట్టి తొట్టి గలవారికి ఇండు. కాదేని కొన్న అంగడికే మరల ఇండు. ఏదియు కుదరనిచో అది మీ ఇంటనే ముగియుట మేలు. వినుటకు కఠినముగా ఉండును. కాని కాలువలో విడిచిన ఆ ఒక్క ప్రాణము వెంట మన కొఱ్ఱమేనులు, జెల్లలు, వానిపై బ్రతుకు కుటుంబములు ఉన్నవని మరువరాదు. గాజుతొట్టిలోని నీరు మన సొంతము. కాలువలోని నీరు ఊరందరిది.