పదికి నాలుగు

విజిల్ మోగింది. అందరూ సముద్రంలోకి పరిగెడుతున్నారు. నేను నడుస్తున్నాను.

ఋషికొండ దగ్గర ఒడ్డు వాలుగా దిగుతుంది. అల వెనక్కి వెళ్తూ కాలి కింద ఇసక కోసుకుపోతుంది, మడమ దిగబడుతుంది. దిగబడ్డ మడమను పైకి లాగాల్సింది పిక్క నుంచి మడమ ఎముక దాకా దిగే ఆ లావుపాటి నరమే. డాక్టర్లు ఆకిలీస్ టెండన్ అంటారు. మా క్లబ్బులో అందరం మడమ నరం అనే అంటాం. నాకు కుడికాలిది వాచి, గట్టిపడి, చలికాలమంతా పరుగు మాన్పించింది. అందుకే ఈ నడక. ముందున్న వాళ్ల కాళ్లు లేపిన తుంపర్లు మొహాన కొడుతున్నాయి. వెనకనుంచి ఎవరో "జరగండి సార్, జరగండి" అంటూ భుజం రాసుకుని దూసుకుపోయారు. మోకాళ్ల లోతు. నడుము లోతు. ఎదురుగా పెద్ద అల లేస్తోంది. దానికి ఛాతీ చూపిస్తే ఎత్తి ఒడ్డున పడేస్తుంది. తల వంచి అడుక్కి పోయి, అరచేత్తో ఇసకను ఒకసారి తాకి, అల దాటిపోయాక పైకి తేలాలి. తేలాను. హోరు వెనకపడింది. ఇప్పుడు నా ఊపిరి చప్పుడు తప్ప మరేమీ వినబడడం లేదు.

పదికి సున్నా.

ఈ మార్కులు ఫిజియో నేర్పిన లెక్క. నొప్పి అసలు లేకపోతే సున్నా, ఇంతకు మించి ఉండదనిపిస్తే పది. పరిగెడుతుంటే ఐదు దాటకూడదు, ఆపేశాకా దాటకూడదు. మర్నాడు పొద్దున్నకు తగ్గిపోవాలి. వారం వారానికీ పెరగకూడదు. స్వీడన్‌లో కారిన్ సిల్బర్‌నాగెల్ బృందం ఇలాంటి నొప్పి ఉన్న 38 మందిని రెండు జట్లు చేసింది. ఒక జట్టుకు మొదటి ఆరు వారాలు పరుగు మాన్పించింది, రెండో జట్టును ఈ మార్కుల హద్దులో పరిగెత్తనిచ్చింది. మిగతా వ్యాయామం రెండు జట్లకూ ఒకటే. ఏడాది తిరిగేసరికి రెండు జట్లూ దాదాపు ఒకేలా కోలుకున్నాయి. అది 2007లో అచ్చయింది. నొప్పి అనగానే మంచం ఎక్కించడం మన ఇళ్ల వైద్యం. ఈ నరానికి మాత్రం అది పూర్తిగా పడదు, బరువు మోయడం మానేస్తే ఇంకా నీరసిస్తుంది. ఎంత బరువన్నదే తగాదా.

మొదటి బోయా దగ్గర మత్స్యకారుల పడవ లంగరేసి ఉంది. లైఫ్‌గార్డులున్నా మా క్లబ్బు ఈ పడవలు లేకుండా ఎవరినీ నీళ్లలోకి దింపదు. పర్యాటకులు అలలు విరగని చోటు చూసి, ఇక్కడ ప్రశాంతంగా ఉంది కదా అని దిగుతారు. ఒడ్డుకు కొట్టిన నీళ్లన్నీ తిరిగి లోపలికి పారే దారి చాలాసార్లు అదే. అందులో పడితే ఒడ్డుకేసి ఈదకూడదు, ఒడ్డు వెంబడి అడ్డంగా ఈది బయటపడాలి. ఏడాదంతా సాధన చేసిన మాకు కూడా పోటీ ముందు ఈ పాఠం మళ్లీ చెబుతారు.

కాళ్లు ఆడించకుండా చేతులతోనే ఈదుతున్నాను. స్విమ్మింగ్ పూల్‌లో అయితే కాళ్లు మునిగి ఒళ్లు ఏటవాలైపోయేది. ఉప్పునీళ్లు ఆ పని నాకు తప్పించాయి. నాలుగు బారలకోసారి తలెత్తి చూస్తే నారింజ రంగు బోయా కనబడుతుంది, లేకపోతే అల కనబడుతుంది. రెండో బోయా తిరిగాక కొండే గురి. పొద్దు అప్పుడే నీళ్లు విడిచి లేచింది. ఎడమకు ఊపిరి తీసుకున్నప్పుడల్లా వెలుగు కళ్లలో పొడుస్తోంది. 750 మీటర్లు అయిపోవొస్తున్నాయి, నాకేమో ఇక్కడే ఉండిపోవాలని ఉంది. పోటీ మొత్తంలో నేను మామూలు మనిషిని ఇక్కడే.

ఒడ్డున మా క్లబ్బు మాస్టారి మనవరాలు నా చెప్పులు పట్టుకుని నీటి అంచున నిలబడి ఉంది. మడమ కింద ఎత్తుకోసం ప్యాడ్ అతికించిన చెప్పులవి.

"అంకుల్, మీ వెనక ముగ్గురే ఉన్నారు!"

"ముగ్గురున్నారా? మంచిదే."

పొడి ఇసక ఎక్కడం నాకు ఈత కంటే పెద్ద పరీక్ష. చెప్పులేసుకుని, అడుగు అడ్డంగా పెట్టి ఎక్కుతున్నాను. వెనకున్న ముగ్గురిలో ఇద్దరు దాటిపోయారు. సైకిళ్ల స్టాండు దగ్గర ఇంకా మిగిలున్నవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. తడి కాళ్లకు మేజోళ్లు ఎక్కవు, అందరికీ తెలిసిందే, అయినా ప్రతిసారీ కోపం వస్తుంది. హెల్మెట్ బకిల్ పెట్టుకోకుండా సైకిల్ ముట్టుకుంటే శిక్ష. అక్కడ నిలబడి కేకలేస్తున్న కుర్రాడి పసుపు చొక్కా మొన్నటిదాకా నాదే.

దెబ్బ తగిలిన మనిషిని క్లబ్బు ఖాళీగా ఉంచదు. నవంబరు నుంచి ప్రతి ఆదివారం నాకో పని అప్పజెప్పారు. మలుపు దగ్గర జెండా ఊపడం, నీళ్ల సీసాలు అందించడం, ఆఖరి మనిషి వచ్చేదాకా పేర్లు రాయడం. మొదట్లో ఒళ్లు మండేది. నాలుగు వారాలయ్యాక ఒక సంగతి గమనించాను: ముందొచ్చిన వాళ్ల మొహాలు అన్నీ ఒకేలా ఉంటాయి, ఆఖర్న వచ్చే వాళ్లవే రకరకాలు. పోర్టులో గుమాస్తా ఒకాయన ప్రతిసారీ చివర వస్తూ కూడా ఎవరికో ఫోన్‌లో లెక్కలు చెబుతుంటాడు. పెళ్లయ్యాక ఈత నేర్చుకున్న ఒకావిడ ఒడ్డెక్కి దణ్ణం పెట్టి గానీ సైకిల్ తీయదు. బరిలో ఉన్నప్పుడు వీళ్లెవరూ నాకు కనబడలేదు.

బీచ్ రోడ్డు. భీమిలి వైపు. 20 కిలోమీటర్లు, ఎర్రమట్టి దిబ్బల దాకా పోయి వెనక్కి. ఎడమవైపు తొట్లకొండ మలుపు, పైన రెండువేల ఏళ్ల నాటి బౌద్ధ విహారం. కుడివైపు అడపాదడపా నీలం. సీటు కాస్త దించాను, బూటు కింద క్లీటు వెనక్కి జరిపాను. పెడలు మీద బరువు మునివేళ్ల నుంచి అరికాలి మధ్యకు వస్తే పిక్కకు పని తగ్గుతుంది. సైకిల్ షాపులో ఈ మార్పు అడిగితే వింతగా చూశారు, పది నిమిషాల్లో చేసిచ్చారు.

"కుడి పక్క! కుడి పక్క!"

స్టాండు దగ్గర నాకంటే వెనకబడ్డ, మా క్లబ్బులో కొత్తగా చేరిన ఇంజినీరింగ్ పిల్ల ఈల వేసినట్టు దాటిపోయింది. దాటినవాళ్ల వెనక గాలిచాటున నక్కి తొక్కడం ఈ పోటీల్లో నేరం, వెంటనే వెనకబడి దూరం ఉంచాలి. ఉంచాను. ఎలాగూ దూరం దానంతటదే పెరుగుతోంది. మంగమారిపేట దగ్గర ఎండుచేపల వాసన, రోడ్డు పక్క వలలు, వల బాగుచేస్తున్న ముసలాయన తల ఎత్తను కూడా లేదు. చిన్న ఎగువ. నిలబడి తొక్కాలని ఒళ్లు తహతహలాడుతుంది. కూర్చునే తొక్కాను. పదికి ఒకటి.

దిబ్బల దగ్గర తిరిగాక గాలి ఎదురైంది. ఫిబ్రవరి నుంచి మా తీరానికి నైరుతి గాలి మొదలవుతుంది, పొద్దెక్కేకొద్దీ బలపడుతుంది. వెళ్లేటప్పుడు మనమే వీరులం అనుకుంటాం, వెనక నుంచి తోసింది అదేనని తిరిగాక తెలుస్తుంది. తల దించుకుని, గేరు తగ్గించి, కాళ్లు తేలిగ్గా తిప్పుతున్నాను. పదికి రెండు.

ఇలాంటప్పుడు నాకు శాన్ డియాగో గుర్తొస్తుంది. ఈత, సైకిల్, పరుగు కలిసిన ఈ ట్రయాథ్లాన్ ఆట పుట్టింది ఒలింపిక్స్‌లో కాదు, అక్కడికి చేరడానికి 2000 సంవత్సరం, సిడ్నీ దాకా పట్టింది. 1974 సెప్టెంబరు 25న, మిషన్ బే ఒడ్డున, ఒక ఊరి పరుగుల క్లబ్బు సరదాకి పెట్టిన పోటీ అది. జాక్ జాన్‌స్టోన్, డాన్ షనహాన్ అనే ఇద్దరు సభ్యుల ఆలోచన. పాల్గొన్నది 46 మంది. వాళ్లలో జాన్, జూడీ కాలిన్స్ దంపతులున్నారు. 1978లో హవాయిలో ఐరన్‌మ్యాన్ పోటీ మొదలుపెట్టింది వీళ్లే. దానికీ 15 మందే దిగారు, 12 మందే ముగించారు. ఇవాళ లక్షలు పోసి సైకిళ్లు కొనేవాళ్లకు ఈ లెక్క చెబితే నమ్మరు. మా పసుపు చొక్కాలు, తాటాకు టోపీలు, అద్దె మైకు చూస్తే ఆ ఆట అసలు ఇల్లు ఇదేననిపిస్తుంది నాకు.

సైకిల్ దిగాను. ఇప్పటిదాకా జరిగిందంతా మర్యాద. అసలు వ్యవహారం ఈ 5 కిలోమీటర్లలో ఉంది.

పరుగులో ఒక్కో అడుగుకూ ఈ నరం మీద ఒంటి బరువుకు ఆరేడు రెట్లు పడుతుంది. మరపడవను లాగే మోకు అనుకోండి, పోగులు కొన్ని తెగినా పని చేస్తూనే ఉంటుంది, ఎప్పటిదాకా అన్నదే ప్రశ్న. నా ఒప్పందం నాలుగు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక. బాగున్నా సరే, నడక నిమిషం నడకే. సాగర్ నగర్ వైపు రెండున్నర కిలోమీటర్లు, మళ్లీ వెనక్కి. మొదటి వంద గజాలు కాళ్లు నావి కావు, సైకిల్ మీది నుంచి దిగిన ఎవరికైనా అంతే. తర్వాత కుడి మడమ పలికింది. సన్నగా, తెలిసిన చోటే. మూడు.

గడియారం గుయ్యిమంది. నడక.

చేపల బుట్ట దించుకుని కూర్చున్న ఒకామె నన్నే చూస్తోంది.

"ఏటి బాబూ, అందరూ పరిగెడతంటే నువ్వేటి షికారుకొచ్చినట్టు నడుస్తన్నావు?"

"కాలు బాలేదమ్మా."

"బాగోకపోతే ఇంటికాడ తొంగోవాల గానీ!"

పక్కనున్నామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నాకూ నవ్వొచ్చింది. గడియారం మళ్లీ గుయ్యిమంది.

మలుపు దగ్గర మాస్టారు కుర్చీ వేసుకుని కూర్చున్నారు. నేవీలో రిటైరయ్యారు, డెబ్బై దాటాయి, ఇప్పటికీ నాకంటే బాగా ఈదుతారు. టైము అడగలేదు. "ఎంత?" అన్నారు.

"మూడున్నర, మాస్టారూ."

"నాలుగున్నర అయితే నడిచి రా. పరిగెత్తుకుంటూ వచ్చావో, వచ్చేనెల ఎంట్రీ రాయను."

ఆయన రాయరు. నాకు తెలుసు.

ఎండ చురుక్కుమంటోంది. ఉప్పు ఎండి మెడ దగ్గర చొక్కా కోస్తోంది. నాలుగో కిలోమీటరు రాయి. నాలుగు మార్కులు. ఇక్కడ వెనకనుంచి అడుగుల చప్పుడు వినబడింది, చూడకుండానే ఎవరో తెలుసు. కుడికాలు కొంచెం ఎక్కువ ఈడుస్తాడు. స్టీల్ ప్లాంట్ మనిషి, నా వయసే, నా వయసు విభాగమే. ఒకసారి అతను, ఒకసారి నేను. ఈత అతనికి అంతగా రాదు, అందుకే ఇంతసేపు వెనక ఉన్నాడు, ఆ ముగ్గురిలో మూడోవాడు.

"రా అన్నా! కిలోమీటరే ఉంది. కలిసి లాగేద్దాం."

పక్కకొచ్చాడు. అతని ఊపిరి, నా ఊపిరి. నడక నిమిషానికి ఇంకా ఇరవై క్షణాలుంది. అవతల మైకులో పేర్లు వినబడుతున్నాయి. శరీరానికి లెక్కలు తెలియవు, పక్కన ఒక మనిషి పరిగెడుతుంటే దానంతటదే అడుగు సాగదీస్తుంది. క్లబ్బుతో వచ్చే ప్రమాదం ఇది, ఫిజియో గదిలో చెప్పనిది: శత్రువుతో పోటీ పడకుండా ఆగడం తేలిక, స్నేహితుడు రమ్మంటే ఆగడం కష్టం. నాలుగు... నాలుగుకు కాస్త పైన.

గడియారం గుయ్యిమంది.

"నువ్వు పో తమ్ముడూ. నాది నడక."

ఒక అడుగు ఆగి నా మొహం చూశాడు. ఏమీ అనకుండా చెయ్యి ఊపి వెళ్లిపోయాడు. ఆ నిమిషం ఎంత పొడుగుందో చెప్పలేను. నా ముందు అతని వీపు చిన్నదై, మలుపు తిరిగి, పోయింది. తర్వాత పరిగెత్తాను, తాపీగా. గీత దాటినప్పుడు మైకు అబ్బాయి నా పేరు తప్పు చదివాడు. మెళ్లో ఏదో పడింది. స్టీల్ ప్లాంట్ మనిషి అప్పటికే సగం పుచ్చకాయ ముక్క తిని మిగతాది నాకు పట్టించాడు.

టిఫిన్ బండి దగ్గర ఉప్మా పెసరట్టు. అందరికీ ఎవరి టైములు వాళ్లకు కంఠతా. నాది అడిగితే నాలుగు అన్నాను. కొత్తవాళ్లకు అర్థం కాలేదు. పాతవాళ్లు మడమ కేసి చూశారు. ఫలితం ఇంకా రాలేదని వాళ్లకు తెలుసు. ఈ నరం అప్పటికప్పుడు ఏదీ చెప్పదు. రాత్రంతా ఆలోచించుకుని పొద్దున్న మొదటి అడుగుకు చెబుతుంది.

సోమవారం. మంచం దిగాను. కుడికాలు నేల మీద పెట్టి, బరువు వేశాను. బిగుతు ఉంది. తలుపు దాకా మూడు. హాల్లోకి వచ్చేసరికి రెండు. వంటింట్లోంచి మా ఆవిడ, వెనక్కి తిరక్కుండానే:

"ఎంత?"

"రెండు."

"రెండేగా. అయితే మేడ మీదికెళ్లి ట్యాంకులో నీళ్లున్నాయో లేదో చూసి రండి. పంపు రాలేదు."

మేడ మెట్లే నా వ్యాయామశాల కూడా. మెట్టు అంచున మునివేళ్ల మీద నిలబడి, మంచి కాలితో పైకి లేచి, చెడ్డ కాలి మీద మెల్లగా మడమను కిందికి దించాలి. మోకాలు చాచి పదిహేనేసి మూడుసార్లు, వంచి పదిహేనేసి మూడుసార్లు, పొద్దునా సాయంత్రమూ, రోజుకు 180. హకాన్ ఆల్‌ఫ్రెడ్‌సన్ అనే స్వీడన్ ఎముకల డాక్టరు 1998లో 15 మంది పరుగుల వాళ్లతో 12 వారాలు ఇదే చేయించాడు, అందరూ మళ్లీ పరుగందుకున్నారు. ఆయనకే మడమ నరం నొప్పి ఉండేదనీ, ఆపరేషన్ చెయ్యమంటే పై డాక్టరు ఒప్పుకోలేదనీ, అయితే పూర్తిగా తెంపుకుని వస్తానని పంతంపట్టి దాని మీద బరువు వేస్తూ పోతే తెగడానికి బదులు నయమైందనీ కథ. డాక్టర్లలోనూ మా క్లబ్బు మనుషులు ఉన్నారన్నమాట.

పది, పదకొండు, పన్నెండు.

"ఏమండీ, నీళ్లున్నాయా లేవా?"