కాంటా లేని పోటీ: 1980 సిడ్నీ పంచాయితీ



మొన్న శంషాబాద్‌ల చాయ్ తాగుతుంటే ఒక లొల్లి చెవిన పడ్డది. మన దిక్కు పిలగాడే ఒకడు బాడీ బిల్డింగ్ పోటీకి పోయి రెండో స్థానంతో తిరిగొచ్చిండు. జడ్జీలు మోసం చేసిన్రని దోస్తులు, కాదు కాళ్లు సన్నగున్నయని ఇంకొకలు. పిలగాడు మాత్రం పది దినాల సంది జిమ్ముకు పోతలేడు, పొలం కాడికీ పోతలేడు. "జర నువ్వన్న చెప్పే అన్నా" అన్నడు వాళ్ల నాయిన. అందుకే ఈ పాత ముచ్చట రాస్తున్న. వాడి కోసమే కాదు, మనందరి కోసం.

ముందుగాల ఒకటి గుర్తు చేసుకుందాం. వడ్లల్ల తేమ 17 శాతం దాటిందా లేదా అంటే మిషన్ చెప్తది. అనుమానముంటే ఇంకోసారి పెట్టమని అడుగుతం. అదే తాలు ఎంత, రంగు ఎట్లుంది అని కంటితోని చూసి చెప్పిన్రనుకో, లొల్లి అక్కడ మొదలైతది.

ఆటలు కూడా అంతే. 2000 సంవత్సరంల సిడ్నీ ఒలింపిక్స్‌ల మన శ్రీకాకుళం బిడ్డ కరణం మల్లీశ్వరి మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఆమె మీద ఉన్న ఇద్దరూ 242.5 కిలోలే ఎత్తిన్రు. ఇద్దరిల ఒంటి బరువు తక్కువున్న ఆమెకు బంగారం ఇచ్చిన్రు. రూలు ముందే రాసుంది, కాంటా అందరి ముందే ఉంది. పేచీకి జాగనే లేదు.

అదే సిడ్నీల, దానికి 20 ఏండ్ల ముందు, 1980 అక్టోబర్‌ల మిస్టర్ ఒలింపియా పోటీ జరిగింది. బాడీ బిల్డింగ్‌ల అన్నిటికన్న పెద్ద పోటీ అది. అక్కడ బరువు ఎత్తుడు ఉండదు. కండ ఎంతుంది, పైభాగం కింది భాగం పొందికగున్నయా, కొవ్వు ఎంత కరిగింది, ఎట్ల నిలబడి చూపించిండు అని జడ్జీలు కంటితోని చూసి వరుస నంబర్లు ఇస్తరు.

ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్ 1970 నుంచి 1975 దాకా వరుసగా ఆరుసార్లు గెలిచి పక్కకు జరిగిండు. 1980ల సినిమా కోసం కసరత్తు చేస్తుండె. సిడ్నీకి వస్తే టీవీల మాట్లాడనీకి వచ్చిండనుకున్నరు అందరు. ఆఖరి ఘడియల నేనూ పోటీల ఉన్న అన్నడు. పోటీ నడిపిస్తున్న పాల్ గ్రాహం ఆయన దోస్తు. ఫలితం: ఆర్నాల్డ్ మొదటి, క్రిస్ డికర్సన్ రెండు, అంతకుముందు మూడేండ్లు వరుసగా గెలిచిన ఫ్రాంక్ జేన్ మూడు, బోయర్ కో నాలుగు, మైక్ మెంట్జర్ ఐదు. హాల్లనే అరుపులు, గోల. కాళ్లు మునుపటి లెక్క లేవని కొందరు, స్టేజీ మీద ఆయన ముందల ఎవ్వరూ ఆనలేదని ఇంకొందరు. 40 ఏండ్లు దాటినా ఆ వాదన ఆగలేదు.

మరుసటేడు 1981ల పోటీ అమెరికాల కొలంబస్‌ల జరిగింది. ఈసారి పోటీ పెట్టినోళ్లల్ల ఆర్నాల్డే ఒకడు. గెలిచింది ఆయన ప్రాణ స్నేహితుడు ఫ్రాంకో కొలంబు. 1977ల కాలికి పెద్ద దెబ్బ తగిలిన మనిషి. మళ్ల అదే గోల. డికర్సన్‌కు మళ్ల రెండో స్థానమే.

తప్పు జరిగిందా అంటే, ఫోటోలు చూసి నేను తీర్పు చెప్పలేను. కానీ ఒక మాట. పంచాయితీల కూసున్న పెద్దమనిషి ఎంత ధర్మంగున్నా, గెలిచినోడు ఆయన బామ్మర్ది అయితే ఊరు నమ్మదు. తీర్పు సరైనదైతే సరిపోదు, సరైనదని ఓడినోడికి కూడా కనబడాలె.

ఇప్పుడు ఓడినోళ్లు ఏమైన్రో చూడున్రి. మెంట్జర్ ఆ దినం తర్వాత మళ్ల పోటీ స్టేజీ ఎక్కలేదు. 49 ఏండ్లకే పోయిండు. డికర్సన్ ఇడిచిపెట్టలేదు. 1982ల, 43 ఏండ్ల వయసుల, లండన్‌ల మిస్టర్ ఒలింపియా గెలిచిండు.

మన దేశంల ఇంకో ఉదాహరణ ఉంది. బెంగాల్ మనిషి మనోహర్ ఐచ్. ఎత్తు ఐదడుగులు కూడా లేదు. తెల్లదొరల వైమానిక దళంల పనిచేస్తూ ఒక అధికారిని కొట్టి జైలుకు పోయిండు, జైల్లనే కసరత్తు చేసిండు. 1951ల లండన్‌ల మిస్టర్ యూనివర్స్ పోటీల రెండో స్థానం వచ్చింది. ఇంటికి రాలేదు. అక్కడే రైల్వేల పనికి కుదిరి, సాధన చేసి, 1952ల తన ఎత్తు విభాగంల గెలిచిండు. 104 ఏండ్లు బతికిండు.

గందుకే ఆ పిలగానికి చెప్పేది ఇదే. నిర్వాహకుల దగ్గరికి పోయి మార్కుల కాగితం అడుగు. అడుగుడు తప్పు కాదు, మనం కాంటా కాడ అడగమా? జడ్జీలల్ల ఎవరికి ఎవరు సుట్టమో పోటీకి ముందే తెలుసుకో, తర్వాత కాదు. కాళ్లు సన్నగున్నయన్న మాట మీద అద్దం ముందల నిలబడి నిజంగ చూసుకో. ఓడిన కోపంల ఎవరో ఇచ్చే సూదుల జోలికి మాత్రం పోకు బిడ్డా, నీ ఒంటికన్న పెద్ద కప్పు లేదు.

ఒక పంట పోయిందని భూమిని బీడు పెడతమా? రేపు పొద్దున పొలం కాడ కలువు. నాటు ఉంది.